ఎవరి కోసమో వేసిన ముద్ర

పాత పొగాకు పైపుల సేకరణ పైకి విలాసంగా కనిపించినా లోపల అదొక చదువు. మట్టిలోని బెజ్జం, వెండి మీది అక్షరం, కొయ్య మీది అంకె ఆ చదువుకు ఓనమాలు.

పొగాకు తాగే తీరుల్లో చుట్ట, బీడీ, సిగరెట్టు ఒక జాతివైతే పైపు మరొక జాతిది. మొదటి మూడింటిలో ఆకుతో పాటు సాధనం కూడా కాలిపోయి బూడిద, పీక తప్ప మరేమీ మిగలదు. పైపులో ఆకు మాత్రమే కాలుతుంది గాని దాన్ని పట్టి ఉంచిన గిన్నె, పొగను నోటికి చేర్చే గొట్టం తాగినవారి తరువాత కూడా ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. గోదావరి లంకల పొగాకుకూ చుట్టకూ పేరుమోసిన తెలుగునాట ఆ అలవాటుకు చెందిన వస్తువులు పెద్దగా మిగలకపోవడానికీ, ఐరోపాలోనూ అమెరికాలోనూ పాత పైపుల సేకరణ ఒక శాస్త్రమంతటి పట్టింపుతో సాగడానికీ మూలం ఈ తేడాలోనే ఉంది.

వందేళ్ల నాటి పైపు చేతికి వచ్చినప్పుడు సేకర్తకు మొదట కలిగే ప్రశ్నలు అది ఎప్పటిది, ఎక్కడిది, ఎవరు చేశారు అనేవి. అందం, ధర ఆ తరువాతి సంగతులు. ఈ ప్రశ్నలకు జవాబిచ్చే ఆనవాళ్లన్నిటికీ ఒక పోలిక ఉంది. వెండిలో కల్తీని అరికట్టడానికో, కొన్నవారికి ఇచ్చిన హామీ గడువును లెక్కగట్టడానికో, దిగుమతి చట్టాన్ని పాటించడానికో, ఒక్కోసారి ఏ ఉద్దేశమూ లేకుండా పనిముట్టు స్వభావం వల్లనో అవి ఏర్పడ్డాయి గాని, ముందు ముందు ఎవరో చదువుతారని ఎవరూ వాటిని ఏర్పరచలేదు. తనకు లాభనష్టాలు లేని సాక్షి చెప్పిన మాటకు న్యాయస్థానంలో విలువ ఎక్కువైనట్లే, ఈ ఆనవాళ్లకూ సేకర్తల దగ్గర విలువ ఎక్కువ.

తీగ విడిచిన ఖాళీ

అమెరికా ఖండం నుంచి పొగాకు ఐరోపాకు చేరింది 16వ శతాబ్దంలో. ఆ శతాబ్దం ముగిసేలోగా ఇంగ్లండులో తెల్లమట్టి పైపుల తయారీ మొదలైంది. 1619లో లండను పైపు పనివారి సంఘానికి రాజశాసనం లభించగా, నెదర్లాండ్స్‌లో ఈ పనికి కేంద్రంగా ఎదిగిన గౌడా పట్టణంలో 1660లో పైపు పనివారి శ్రేణి, అంటే ఆ వృత్తివారు తమ పని కట్టుబాట్లను తామే నడుపుకునే సంఘం, ఏర్పడింది. మెత్తని మట్టిని వత్తిలాగా పొడవుగా దొర్లించి, ఒక కొసన ముద్ద ఉంచి, ఆ వత్తి నడుమకు ఇనుప తీగను గుచ్చి, రెండు చెక్కల అచ్చులో బిగించి, ముద్దలో గిన్నె గుంటను నొక్కి, తీగను లాగేసి, ఆరబెట్టి బట్టీలో కాల్చేవారు. తీగ విడిచిపోయిన ఆ సన్నని ఖాళీయే పొగ నడిచే దారి.

మట్టి పైపు చవకైనది, పెళుసైనది కూడా. విరిగిన ముక్కను ఎవరూ దాచుకోలేదు గనుక లండనులో థేమ్స్ నది ఆటుపోట్లకు బయటపడే ఒడ్డున తెల్లని గొట్టం ముక్కలు నేటికీ దొరుకుతూనే ఉంటాయి. ఆ ఒడ్డున వెతకాలంటే లండను రేవు అధికార సంస్థ అనుమతిపత్రం ఉండాలి. తొలినాళ్లలో పొగాకు ఖరీదైన సరుకు కావడంతో గిన్నె చిన్నదిగా, చిటికెడు ఆకు పట్టేంతగా ఉండేది. వర్జీనియా తోటల నుంచి సరుకు పెరిగి ధర దిగేకొద్దీ గిన్నె పెద్దదవుతూ వచ్చింది. ఆ విధంగా గిన్నె లోతు ఒక కాలపు పొగాకు ధరను చూచాయగా చెబుతుంది.

గిన్నె లేకుండా ఉత్త గొట్టం ముక్క దొరికితే ఏమి చేయాలన్న చిక్కును విప్పినవాడు అమెరికా పురావస్తు శాస్త్రజ్ఞుడు జె. సి. హారింగ్టన్. ఇంగ్లీషువారు అమెరికాలో నిలదొక్కుకున్న తొలి వలస గ్రామమైన జేమ్స్‌టౌన్ తవ్వకాల్లో పనిచేసిన ఆయన, కాలం గడిచేకొద్దీ మట్టి పైపుల బెజ్జం సన్నబడుతూ వచ్చిందని గమనించి 1954లో ఆ సంగతి ప్రకటించాడు. దానికి కావలసిన పరికరం ఏ వడ్రంగి పెట్టెలోనైనా ఉండేదే. అంగుళాన్ని 64 భాగాలు చేసిన కొలతల్లో దొరికే డ్రిల్లు ముళ్లను వరుసగా ముక్క బెజ్జంలో పెట్టి చూసి, ఏది సరిగ్గా పడితే అదే దాని కొలతగా రాసుకోవడమే పద్ధతి. 9 భాగాల బెజ్జం ఎక్కువగా 1590-1620 నడుమ కనిపిస్తుంది. 7 భాగాలది 1650-1680 నాటిదిగా, సుమారు 2 మిల్లీమీటర్లకు సమానమైన 5 భాగాలది 1710-1750 నాటిదిగా తేలుతుంది. పైపుల గొట్టాలు క్రమంగా పొడవుగా సాగడంతో, ఆ పొడవుకు తగినట్లు పనివారు సన్న తీగలు వాడవలసి రావడం దీనికి చెప్పే ప్రధాన కారణం.

ఆ తరువాత కొద్ది ఏళ్లకు లూయిస్ బిన్‌ఫర్డ్ అనే మరో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఈ పరిశీలనను ఒక సూత్రంగా మలిచాడు. ఒక చోట దొరికిన ముక్కలన్నిటి బెజ్జాల సగటును 38.26తో గుణించి, వచ్చినదాన్ని 1931.85 నుంచి తీసివేస్తే ఆ కుప్ప సగటు కాలం తేలుతుంది. సగటు సరిగ్గా 5 అయితే 1740 ప్రాంతమని జవాబు వస్తుంది. ముక్కలు ఎక్కువగా ఉంటేనే ఈ లెక్క నిలబడుతుంది గాని ఒక్క ముక్క మీద పెట్టి చూస్తే తప్పుదారి పట్టిస్తుంది. 18వ శతాబ్దం చివరి భాగానికి వచ్చేసరికి అసలు పనిచేయడమే మానేస్తుంది. అచ్చు పట్టిన పనివానికి తీగ మందం ఒక రోజువారీ సంగతి మాత్రమే. మూడు శతాబ్దాల తరువాత అదే కొలతతో వలసగ్రామాల తేదీలు కడతారన్నది అతని ఊహకు అందే విషయం కాదు.

నిప్పును ఓర్చుకున్న దుంప

నేటి సేకర్తల చేతుల్లో ఎక్కువగా కనిపించేవి కొయ్య పైపులు, అందులోనూ బ్రయర్ అనే కొయ్యతో చేసినవి. ఫ్రెంచి మాట నుంచి వచ్చిన ఈ పేరు మధ్యధరా సముద్ర తీరాల్లో, కోర్సికా, కలాబ్రియా, అల్జీరియా వంటి చోట్ల పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొదకు చెందినది. పొద మొదట్లో, కాండానికీ వేళ్లకూ నడుమ పెరిగే గట్టి బుడిపెనే పైపుకు వాడతారు. కార్చిచ్చులు తరచుగా వచ్చే ఆ నేలల్లో పైకొమ్మలు కాలిపోయినా మళ్లీ చిగుళ్లు వేసేది ఈ బుడిపె నుంచే. నిప్పును తట్టుకుని బతకడానికి మొక్క పెంచుకున్న అవయవాన్నే మనిషి తీసుకుని అందులో నిప్పు పెట్టాడు. బుడిపెను ముక్కలుగా కోసి, గంటల తరబడి నీళ్లలో ఉడికించి రసం తీసేసి, నెలల తరబడి నీడన ఆరబెట్టిన తరువాతే అది తరిణెకు ఎక్కుతుంది.

ఫ్రాన్సులోని జురా కొండల్లో ఉన్న సేంట్ క్లోడ్ పట్టణం అంతకు ముందే కొయ్య జపమాలలకూ తరిణె పనికీ పేరుపొందినది. 1850ల నడుమ ఈ కొయ్య అక్కడికి చేరాక ఆ పట్టణం ప్రపంచానికి పైపుల రాజధాని అయింది. ఆ పనివారిలో కొందరు తమ విద్యను సముద్రం దాటించారు. సేంట్ క్లోడ్‌లో 1825లో మొదలైన కొమోయ్ కుటుంబ వ్యాపారానికి చెందిన ఆన్రీ కొమోయ్ 1879లో లండను చేరాడు. ఆయన సంస్థ పైపుల గొట్టం మీద కనిపించే చిన్న తెల్లని ‘సి’ అక్షరం సేకర్తలకు ఒక పాఠం వంటిది. పాత పైపుల్లో ఆ అక్షరం ముద్ర కాదు. ముందు నల్లని గొట్టంలో గుంట తొలిచి తెల్లని బిళ్ల పొదిగి, ఆ బిళ్ల నడుమ మళ్లీ తొలిచి నల్లని బిళ్ల పొదిగి, చివరకు ఒక పక్క మూడోసారి పొదిగి ఆ వలయాన్ని తెరిచి, మూడు ముక్కల అతుకుతో దాన్ని తయారుచేసేవారు. తరువాతి కాలపు పైపుల్లో అదే అక్షరం ఒకే ముక్కగా ఉంటుంది. భూతద్దం కింద అతుకులు కనిపించాయా లేదా అన్నదాన్ని బట్టి పైపు వయసుపై అంచనా మారిపోతుంది.

వెండి పట్టీ, హామీ అంకె

పైపులో గిన్నెకు ఆనుకుని ఉన్న కొయ్య భాగాన్ని మెడ అనీ, దానికి తగిలించే నల్లని భాగాన్ని గొట్టం అనీ అనుకుంటే, ఆ రెండూ కలిసే చోట, అంటే గొట్టం కుసి మెడ బెజ్జంలో దిగే చోట, మెడ పగలకుండా వెండి పట్టీ వేయడం పాత అలవాటు. బంగారు దుకాణాల పుణ్యమా అని హాల్‌మార్క్ అనే మాట తెలుగువారికి కొత్త కాదు. ఇంగ్లండులో వెండికి ఆ పరీక్ష శతాబ్దాలుగా అమలులో ఉంది. నూటికి 92.5 పాళ్లు వెండి ఉన్నదని నడిచే సింహం, లండనులో పరీక్షించినట్లు చిరుత తల, బర్మింగ్‌హామ్ అయితే లంగరు, చేసినవారి పొడి అక్షరాలు, చివరగా సంవత్సరానికి ఒకటి చొప్పున మారే అక్షరం పట్టీ మీద వరుసగా ఉంటాయి. 19వ శతాబ్దపు తొలినాళ్ల నుంచి వెండిపని చేసిన బార్లింగ్ కుటుంబం ‘ఇ.బి.’ మీద, ‘డబ్ల్యు.బి.’ కింద వేసిన ముద్ర కనిపిస్తే సేకర్తల కళ్లు మెరుస్తాయి.

అయితే ఆ అక్షరాన్ని చదవడంలోనూ మెలకువ కావాలి. 1975కు ముందు లండను అక్షరం జనవరిలో కాక మే నెలలో మారేది కనుక ఒక్కో అక్షరం రెండు క్యాలెండరు సంవత్సరాల మీద పరుచుకుని ఉంటుంది. అంతకంటే ముఖ్యం, ఆ తేదీ పట్టీదే గాని పైపుది కాదు. మెడ పగిలిన తరువాత ఎవరో అతికించిన పట్టీ పైపు కంటే వయసులో ఎంతో చిన్నది కావచ్చు. ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో 1865లో మొదలైన వ్యాపారం నుంచి ఎదిగి, తడి అంతా మెడలోని చిన్న తొట్టిలో చేరేటట్లు చేసే ‘సిస్టం’ పైపుకు 1890లో పేటెంటు పొందిన పీటర్సన్ సంస్థ పైపులకు వెండితో పాటు దేశం పేరు కూడా సాక్ష్యమే. ఏ దేశంలో తయారైందో సరుకు మీద రాయాలని అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం వంటివి పట్టుబట్టడంతో ఆ ముద్ర రివాజైంది. 1922-37 నడుమ ‘ఐరిష్ ఫ్రీ స్టేట్’ అనీ, ఆ తరువాత ‘ఐర’ అనీ, 1949 నుంచి ‘రిపబ్లిక్’ అనీ మారిన ఒక జాతి రాజకీయ చరిత్ర అరంగుళం కొయ్య మీద చదవడానికి వీలుగా ఉంది.

ఈ చదువుకు అన్నిటికంటే చక్కని ఉదాహరణ లండను వ్యాపారి ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ పైపుల్లో దొరుకుతుంది. 1907లో డ్యూక్ వీధిలో పొగాకు దుకాణం తెరిచి, 1910లో సొంతంగా పైపుల తయారీ మొదలుపెట్టిన డన్‌హిల్, గొట్టానికి ఏది పైవైపో తెలియడం కోసం పెట్టిన తెల్లని చుక్క తరువాత ఆ సంస్థకే గుర్తుగా నిలిచింది. గిన్నె కాలిపోయినా పగిలినా ఏడాదిలోగా మార్చి ఇస్తామని హామీ ఇవ్వడంతో, ఏ పైపు ఎప్పటిదో తేలిగ్గా తెలిసేటట్లు, ఇంగ్లండులో తయారైందని చెప్పే ముద్ర చివర ఒక చిన్న అంకె వేసేవారు. 1960 తరువాతి పైపుల్లో ఆ అంకెను 1960కి కలిపితే సంవత్సరం వస్తుంది, 4 అంటే 1964, 15 అంటే 1975. అంతకు ముందటి దశకాల్లో ఇవే అంకెలు మళ్లీ మళ్లీ వస్తాయి. అప్పుడు పక్కన పేటెంటు సంఖ్య ఉందా, 1950ల నుంచి గిన్నె పరిమాణాన్ని చెప్పడానికి వేసిన సున్నాచుట్టిన అంకె ఉందా అని చూసి దశకాన్ని తేల్చుకోవాలి. ఆ పక్కనే ‘ఎస్’ ఉంటే మెత్తని కొయ్య మీద ఇసుకను వేగంగా చిమ్మించి, గట్టి చారలు మాత్రం పైకి తేలేటట్లు చేసిన గరుకు రకమని, ‘ఆర్’ ఉంటే చార అందాన్ని చూపే నున్నని రకమని అర్థం. ఫిర్యాదుతో వచ్చిన కొనుగోలుదారుకు జవాబు చెప్పడానికి గుమాస్తా చూసుకున్న అంకె ఈనాడు సేకర్తలకు పంచాంగమైంది.

తాగిన లెక్క దాచుకున్న రాయి

తేదీ చెప్పని పైపులూ ఉన్నాయి. జర్మను భాషలో ‘సముద్రపు నురుగు’ అనే అర్థమున్న మీర్‌షామ్ ఒక తెల్లని, తేలికైన ఖనిజం. శాస్త్రీయంగా సెపియోలైట్ అనే దీనికి టర్కీలోని ఎస్కిషెహిర్ పట్టణ పరిసరాలు పేరుమోసిన గనులు. 19వ శతాబ్దంలో వియన్నా శిల్పులు దీనిపై మనుషుల తలలు, గుర్రాలు, వేట దృశ్యాలు చెక్కి, మైనంలో ముంచి మెరుగుపెట్టేవారు. సూక్ష్మరంధ్రాలున్న ఆ రాయి పొగలోని తారును, మైనాన్ని పీల్చుకుంటూ తెలుపు నుంచి తేనె రంగుకు, అక్కడి నుంచి ముదురు గోధుమ రంగుకు మారుతుంది. ఏ ఏడాదిదో చెప్పకపోయినా ఎంతగా తాగబడిందో మాత్రం తన ఒంటి మీదే రాసుకుంటుంది. పసుపుపచ్చని పీల్చే మొన అసలు అంబరా, తరువాత వచ్చిన బేకలైటు అనే కృత్రిమ పదార్థమా అన్నది మరొక పరీక్ష. గాఢమైన ఉప్పునీటిలో అంబరు తేలుతుంది, బేకలైటు మునుగుతుంది. తోలుపెట్టె ఉంటే అది పైపంత ముఖ్యం, ఎందుకంటే లోపలి పట్టు మీద బంగారు అక్షరాల్లో అచ్చయిన దుకాణం పేరు ఎన్నోసార్లు ఒకే ఒక్క లిఖిత సాక్ష్యంగా మిగులుతుంది.

ఆకారమే సాక్షి అయ్యే సందర్భం తెలుగువారికి దగ్గరలోనే ఉంది. 1956 వరకు హైదరాబాదు రాజ్యంలో భాగమైన బీదరు పేరు మీదుగా వచ్చిన బిద్రీ పనిలో, జింకు పాలు ఎక్కువగా రాగి కలిపిన లోహాన్ని పోతపోసి, వెండి పొదిగి, బీదరు కోట మట్టిని నవాసారంతో కలిపి పూస్తారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. ఈ పనితనంతో చేసిన హుక్కా అడుగు కూజాలు హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంలో ఉన్నాయి. 17వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దపు తొలి భాగం వరకు అవి బంతిలాగా గుండ్రంగా ఉండి, దొర్లిపోకుండా కింద చుట్టకుదురు వంటి వలయం మీద నిలిచేవి. ఆ తరువాత గంట ఆకారంలోకి మారి తమ అడుగు మీద తామే నిలబడ్డాయి. తేదీ వేయని కూజాను కూడా దాని అడుగును బట్టే చూచాయగా ఒక కాలంలో నిలపవచ్చు.

మెరుగు పెట్టే చెయ్యి

పాత పైపు చేతికి వచ్చాక దాన్ని శుభ్రం చేయక తప్పదు. గిన్నె లోపల పేరుకున్న మసిపొర మందమైతే వేడికి అది కొయ్య కంటే ఎక్కువగా వ్యాకోచించి గిన్నెను పగలగొడుతుంది కాబట్టి గీకి పలచన చేస్తారు. కొయ్యలోకి ఇంకిన తారును లాగడానికి గిన్నె నిండా కల్లుప్పు పోసి, ఆల్కహాలుతో తడిపి ఒక రాత్రి ఉంచితే, తెల్లవారేసరికి ఉప్పు గోధుమ రంగుకు తిరుగుతుంది. గొట్టాలు ఎక్కువగా రబ్బరును గంధకంతో గట్టిపరచిన ఎబొనైటుతో చేసినవి. వెలుతురు తగిలి గంధకం పైకి వచ్చి నలుపు కాస్తా బురద పచ్చగా మారుతుంది, దాన్ని సన్నని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ నలుపు తెప్పిస్తారు. చిక్కంతా ఈ చివరి పనిలోనే ఉంది. మెరుగు చక్రానికి మెడ మీది ముద్రకూ మురికికీ తేడా తెలియదు. ఒక్క నిమిషం ఎక్కువ తిరిగితే అంకె అంచులు కరిగి, వచ్చిన మెరుపుకు రెట్టింపు విలువ పోతుంది. గరుకు రకం కొయ్య మీద లోయలు పూడిపోతే అది ఏనాటిదో చెప్పే ఆధారమూ పోతుంది.

అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియం దాచిన ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ పైపు ఈ సంగతిని తేటగా చూపుతుంది. కొరికి కొరికి గొట్టం చివర రంధ్రం పడిన ఆ పైపును మరమ్మతుదారుకు ఇచ్చి ఉంటే, రంధ్రం పూడ్చి, పంటి గాట్లు చదును చేసి, కొత్తదానిలా చేసి ఇచ్చేవాడు. అప్పుడది మిగతా వేల పైపుల్లో ఒకటిగా మిగిలేది.

ఆనవాలుకు ధర పలికిన నాటి నుంచి దాన్ని సృష్టించే చేతులూ పుట్టుకొస్తాయి. ఊరూ పేరూ లేని గొట్టంలో గుంట తొలిచి తెల్లని చుక్క పొదగడం ఏమంత కష్టమైన పని కాదు. మరొక మార్పూ వచ్చింది. స్వీడన్‌లో పుట్టి కోపెన్‌హేగన్‌లో స్థిరపడిన సిక్స్‌టెన్ ఇవర్సన్ వంటివారు, ముందు బెజ్జం తొలిచి తరువాత రూపం ఇవ్వడమనే పాత పద్ధతిని తిరగవేసి, కొయ్య చారను అనుసరించి ముందు రూపం చెక్కి తరువాత బెజ్జం తొలిచారు. అప్పటి నుంచి పైపు సంతకమున్న శిల్పమైంది. చేసినవారి పేరు, సంవత్సరం, శ్రేణి గుర్తు ఇప్పుడు ఉద్దేశపూర్వకంగా సేకర్త కోసమే వేస్తున్నారు. అందంలో అవి పాతవాటికి తీసిపోవు. అయినా అన్నీ తానే చెప్పే వస్తువు ముందు చదువరికి చేయవలసిన పని తక్కువే.

సేకరణకు ఎల్ల కూడా ఉంది. అమెరికా ఆదివాసులకు పైపు విలాస వస్తువు కాదు, ప్రార్థనలో భాగం. మినెసోటా రాష్ట్రంలో 1937లో జాతీయ స్మారకంగా ప్రకటించిన పైప్‌స్టోన్ గనుల్లో ఎర్రరాయిని తవ్వే హక్కు గుర్తింపు పొందిన ఆదివాసీ తెగల సభ్యులకే ఉంది. సమాధుల నుంచి తీసుకుపోయిన పవిత్ర వస్తువులను తిరిగి ఇచ్చేందుకు 1990లో ఆ దేశం చట్టం చేసింది. తవ్వకాల్లో దొరికిన అటువంటి పైపు బజారుకు వచ్చినప్పుడు అది ఎప్పటిది అన్న ప్రశ్న కంటే ముందు అడగవలసినది అది ఎవరిది అన్న ప్రశ్న.

పైపు మీద మనిషి విడిచిన గుర్తులను ఇంత శ్రద్ధగా చదివేవారికి, మనిషి మీద పైపు విడిచిన గుర్తులూ కొత్త కావు. పైపు తాగేవారికి పెదవుల కాన్సరు ఎక్కువగా వస్తుందని జర్మను శరీర శాస్త్రజ్ఞుడు సోమ్మరింగ్ 1795లోనే రాశాడు. 18, 19 శతాబ్దాల నాటి సమాధులు తవ్వినప్పుడు కొన్ని పుర్రెల్లో పై పన్నూ కింది పన్నూ కలిసే చోట చక్కగా గుండ్రని సందు కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఒకే చోట కరచి పట్టిన మట్టి గొట్టం పంటి మీది గట్టి పింగాణిని అరగదీయగా ఏర్పడినది అది. పేరు చెక్కిన రాయి లేకపోయినా, ఆ పళ్లను చూసి ఇతడు పైపు తాగినవాడని పురావస్తు శాస్త్రజ్ఞులు చెప్పగలరు. ఆ ముద్రను కూడా ఎవరూ కావాలని వేసుకోలేదు.